లైనక్సు కంప్యూటరులో వైర్‌లెస్ పరికరాన్ని గుర్తించడం ఎట్లా?

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి లింగంపల్లి, గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతమంతా కంప్యూటర్లకు పెట్టింది పేరయింది. అయినా మన హాస్టలు గదుల్లో ఒక చిన్న సమస్య యిప్పటికీ తీరలేదు. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత ల్యాప్‌టాప్ ఒకటి బేరమాడి కొంటాము. లైనక్సు వేస్తాము. తెర వస్తుంది, పాట వినిపిస్తుంది, తెలుగు అక్షరాలు ముత్యాల్లా కనబడతాయి. వైఫై మాత్రం రాదు! స్కాలర్‌షిప్ దరఖాస్తుకు రేపే ఆఖరి తేదీ. పక్క గది మిత్రుడు "కార్డు పోయింది, కొత్తది కొను" అంటాడు. మరొకడు "లైనక్సు తీసెయ్" అంటాడు. చాలా సందర్భాల్లో యీ రెండూ అక్కరలేదు. రోగమేమిటో తెలియకుండా మందు కొనడం డబ్బు దండుగ. కాబట్టి రోగ నిర్ణయం ఎట్లా చెయ్యాలో క్రమంగా పరిశీలిద్దాం.

మూడు అంగాలు

వైర్‌లెస్ పని చెయ్యాలంటే మూడు కుదరాలి. మొదటిది చిప్పు, అంటే రేడియో తరంగాలను పంపి, అందుకునే పరికరం. రెండవది డ్రైవరు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్సు కెర్నెల్‌కూ చిప్పుకూ భాష వేరు. ఆ యిద్దరి మధ్య దుబాసీయే డ్రైవరు. మూడవది ఫర్మ్‌వేర్, అంటే చిప్పు లోపల నడిచే చిన్న ప్రోగ్రాము. చాలా చిప్పులు కరెంటు తీయగానే దీన్ని మరచిపోతాయి. అందుచేత కంప్యూటరు మొదలైన ప్రతిసారీ డ్రైవరు దాన్ని చిప్పులోకి ఎక్కించాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా వైఫై రాదు. అయితే మూడింటికీ మందు ఒకటి కాదు.

డబ్బా మీది పేరును నమ్మరాదు

విద్యార్థులు ఎక్కువగా పొరపడేది యిక్కడే. డబ్బా మీద వున్నది అమ్మే కంపెనీ పేరు. మనకు కావలసింది లోపలి చిప్పు పేరు. టీపీ-లింక్ వారి 722ఎన్ అనే యు.ఎస్.బి. అడాప్టరునే తీసుకోండి. మొదటి వెర్షన్‌లో ఎథెరోస్ 9271 చిప్పు వుండేది. రెండవ వెర్షన్‌లో రియల్‌టెక్ 8188 వచ్చింది. పేరూ అదే, రూపమూ దాదాపు అదే. డ్రైవరు మాత్రం పూర్తిగా వేరు. సీనియరు దగ్గర ఆడింది మన దగ్గర ఆడకపోవడంలో వింత లేదు.

మరి అసలు పేరు తెలిసేదెట్లా? ప్రతి పరికరానికీ మన హాల్ టికెట్ నంబరులాగా రెండు భాగాల నంబరు వుంటుంది. మొదటి భాగం తయారీదారుది, రెండవది ఆ నమూనాది. తయారీదారు నంబరు 8086 అయితే అది ఇంటెల్. 1978లో వచ్చిన వారి ప్రసిద్ధ ప్రాసెసర్ పేరే అది. డబ్బా మారినా, స్టిక్కరు చినిగినా యీ నంబరు మారదు.

పరీక్షా క్రమం

టెర్మినల్ తెరవండి. యిక్కడ తెలుగులో చెప్పిన ఆజ్ఞలను చిన్న ఇంగ్లీషు అక్షరాలతో, చుక్కలు లేకుండా కొట్టాలి.

1. చిప్పు కనబడుతున్నదా? ల్యాప్‌టాప్ లోపలి కార్డుకు 'ఎల్.ఎస్.పి.సి.ఐ.' అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, దానికి ఆనించి 'ఎన్.ఎన్.కె.' అని చేర్చండి. 'నెట్‌వర్క్ కంట్రోలర్' అన్న పంక్తి వెతకండి. 'ఈథర్‌నెట్ కంట్రోలర్' అన్నది సాధారణంగా తీగ ద్వారా వచ్చేదానిది. బయట గుచ్చే అడాప్టరయితే 'ఎల్.ఎస్.యు.ఎస్.బి.' చాలు. రెండింటిలోనూ కనబడకపోతే అప్పుడు కార్డు వదులయిందేమో, బయోస్‌లో ఆపివేశారేమో చూడాలి. "కార్డు పోయింది" అనే అనుమానానికి చోటు యిక్కడే.

2. డ్రైవరు తగులుకున్నదా? మొదటి ఆజ్ఞ యిచ్చిన జవాబులోనే 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే పంక్తి వుంటుంది. దాని ఎదుట ఇంటెల్‌కయితే 'ఐ.డబ్ల్యు.ఎల్. వైఫై', పాత ఎథెరోస్‌కయితే 'ఎ.టి.హెచ్. 9కె' వంటి పేరు వుండాలి. ఆ పంక్తే లేకపోతే దుబాసీ రాలేదన్నమాట. అప్పుడు 'యు-నేమ్' కొట్టి, ఖాళీ, అడ్డగీత, 'ఆర్' చేర్చి కెర్నెల్ వయస్సు తెలుసుకోండి. కొత్త చిప్పుకు పాత కెర్నెల్‌లో డ్రైవరు వుండదు. కెర్నెల్ మారిస్తే చాలు.

3. ఫర్మ్‌వేర్ ఎక్కిందా? 'సుడో' అని ముందు పెట్టి 'డి-మెసెజ్' ఆజ్ఞ యిస్తే (డి.ఎమ్.ఇ.ఎస్.జి. అని కొట్టాలి) కెర్నెల్ రాసుకున్న దినచర్య అంతా వస్తుంది. అందులో 'ఫర్మ్‌వేర్' అన్న మాట వెతకండి. 'ఫెయిల్డ్' అని, చివర మైనస్ 2 అని వుంటే ఫైలు దొరకలేదని అర్థం. ఏ ఫైలు కావాలో దాని పేరు సైతం అక్కడే వుంటుంది. ఫోనును తీగతో కలిపి యు.ఎస్.బి. టెదరింగ్ పెట్టుకుంటే వైఫై లేకుండానే దాన్ని దింపుకోవచ్చు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమం వల్ల డెబియన్ వారు యీ ఫైళ్ళను చాలాకాలం వేరుగా వుంచారు. 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఇన్‌స్టాలర్‌లోనే చేర్చారు.

4. అడ్డు వున్నదా? అన్నీ సవ్యంగా వున్నా రేడియో ఆగి వుండవచ్చు. 'ఆర్.ఎఫ్.కిల్ లిస్ట్' అని కొట్టండి. 'సాఫ్ట్ బ్లాక్డ్' ఎదుట 'యస్' వుంటే 'ఆర్.ఎఫ్.కిల్ అన్‌బ్లాక్ వైఫై' అనగానే తొలగుతుంది. 'హార్డ్ బ్లాక్డ్' అయితే ఏ ఆజ్ఞకూ లొంగదు. ల్యాప్‌టాప్ మీద వున్న మీటనో, బటన్‌నో చేత్తో నొక్కాలి.

యీ వరుస తప్పకూడదు. చిప్పు నంబరు తెలియకుండా ఎక్కడో దొరికిన డ్రైవరు ఎక్కించడం, ఒకరి చీటీతో మరొకరు మందు మింగడం వంటిది.

మన ఊరి డ్రైవరు

యీ డ్రైవర్లను రాసేవారు ఎక్కడో వున్నారనుకుంటాము. 2001లో స్థాపితమైన రెడ్‌పైన్ సిగ్నల్స్ అనే వైర్‌లెస్ చిప్పుల సంస్థకు హైదరాబాదులోనే అభివృద్ధి కేంద్రం వుండేది. వారి 9113 చిప్పు వైఫైతోపాటు బ్లూటూత్, జిగ్‌బీలను కూడా కలుపుకున్నది. దాని డ్రైవరు 2014లో లైనక్సు కెర్నెల్‌లో చేరింది. 'ఆర్.ఎస్.ఐ.' అనే పేరుతో కెర్నెల్ వైర్‌లెస్ డ్రైవర్ల అరలో దాని మూలగ్రంథాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. 2020లో ఆ సంస్థ వైర్‌లెస్ విభాగాన్ని అమెరికాకు చెందిన సిలికాన్ ల్యాబ్స్ కొన్నది. కెర్నెల్ సంరక్షకుల పట్టికలో యీ డ్రైవరు పేరు ఎదుట 'ఆర్ఫన్', అంటే అనాథ అనే మాట కూడా చేరింది. కంపెనీలు చేతులు మారతాయి, ఉద్యోగులు మారతారు. చూసే దిక్కు లేకపోతే మంచి కోడ్‌కు కూడా అదే గతి.

అయితే మూలగ్రంథం బహిరంగంగా వున్నంతకాలం ఆ దిక్కు ఎవరైనా కావచ్చు. మూలగ్రంథం తాళంలో వున్న డ్రైవరుకు ఆ అదృష్టం లేదు. కంపెనీ వదిలేస్తే పరికరం బాగున్నా బుట్టదాఖలే.

కనుక మిత్రులారా, మీ వైఫై రాని రోజున ముందు దుకాణానికి పరుగెత్తకండి. నాలుగు ప్రశ్నలు వరుసగా వేయండి. దొరికిన నంబరు, డ్రైవరు పేరు, తీరిన విధానం ఒక కాగితం మీద రాసి హాస్టలు నోటీసుబోర్డుకు అంటించండి. వచ్చే సంవత్సరం అదే ల్యాప్‌టాప్ తెచ్చుకునే పేద విద్యార్థికి అది కొత్త కార్డు ఖరీదంత మేలు చేస్తుంది. అక్కడితో ఆగకుండా ఒక డ్రైవరు తెరిచి చదివే కుతూహలం ఎవరికైనా కలిగితే, మన ఊరి అనాథ డ్రైవరు ఒకటి ఎదురు చూస్తూనే వున్నది.