శ్రీసభ వెలుపల ఉన్నవారి సంగతి

ప్రశ్న: పెళ్లికి ముందు నేను జ్ఞానస్నానం తీసుకున్నాను. మా అమ్మ మాత్రం తన పూజలు, నోములు విడిచిపెట్టలేదు. కిందటేడు కన్నుమూసింది. ఎవరికీ కీడు తలపెట్టని మనిషి. ‘శ్రీసభ వెలుపల రక్షణ లేదు’ అన్నది మన సిద్ధాంతమేనని మా విచారణలో ఒక పెద్దాయన అంటున్నారు. మరి మా అమ్మ గతేమిటి?
- ఒక పాఠకుడు, విజయవాడ

ప్రశ్న: ఇద్దరు ఆడపిల్లల తరవాత మూడోసారీ ఆడపిల్లేనని స్కానింగ్‌లో చెప్పించుకుని, అత్తగారూ నా భర్తా పట్టుబట్టి గర్భం తీయించారు. ఇంట్లోంచి వెళ్లగొడతామన్నారు. ఎదురుచెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అప్పటినుంచి దివ్యసత్ప్రసాదం తీసుకోవడం లేదు. నేను వెలివేతలో ఉన్నట్టేనా? జ్ఞానస్నానం లేకుండా పోయిన ఆ బిడ్డ ఎక్కడుంది?
- ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: ఈ రెండు ఉత్తరాలకూ కలిపి జవాబు రాస్తున్నాను, ఎందుకంటే రెండింటి కిందా ఉన్న సందేహం ఒకటే. శ్రీసభ ఒక మార్గాన్ని తప్పనిసరి అన్నప్పుడు, ఆ మార్గంలో లేని మనిషి పని అయిపోయినట్టేనా? కాదని నేను చెబితే అది ఓదార్పు కోసం చెప్పిన మాట అనుకోవద్దు. శ్రీసభ బోధ నిర్మాణమే అలాంటిది. ఫలానా పని పాపమని అది మొహమాటం లేకుండా చెబుతుంది. ఆ పని చేసిన ఫలానా మనిషి దేవుని ఎదుట ఎలా నిలిచాడన్నది మాత్రం చెప్పదు. పునీతులుగా ప్రకటించి, వీరు మోక్షంలో ఉన్నారని పేరుపెట్టి చెప్పిన శ్రీసభ, నరకంలో ఉన్నాడని ఇంతవరకు ఒక్క మనిషి పేరూ ప్రకటించలేదు. యూదా ఇస్కరియోతు పేరు కూడా.

పెద్దాయన చెప్పిన వాక్యం నిజంగానే పాతది. మూడో శతాబ్దంలో కార్తేజ్ పీఠాధిపతి పునీత సిప్రియాను రాసిన లేఖల్లోంచి వచ్చింది. అయితే ఆయన వాదం ఎవరితో? శ్రీసభలోనే ఉండి, చీలిపోయి, వేరుకుంపటి పెట్టుకున్నవారితో. సువార్త చెవిన పడని రైతు గురించో, వేరే మతంలో పుట్టి పెరిగిన తల్లి గురించో కాదు. ఆ తరవాత నూట ముప్పై ఏళ్లకు పైగా గడిచాక, 392లో, జ్ఞానస్నానం కోరుకుంటూ అది అందకముందే యువ చక్రవర్తి రెండో వాలెంటీనియన్ చనిపోయాడు. అంత్యక్రియల ప్రసంగంలో మిలాను పీఠాధిపతి పునీత ఆంబ్రోసు, అతడు కోరుకున్నది అతనికి దక్కిందని అక్కచెల్లెళ్లను ఓదార్చాడు. అంటే నీళ్లు తలమీద పడకపోయినా కోరిక చాలునన్న ఆలోచన నిన్నమొన్నటి మెత్తదనం కాదు. 1547లో ట్రెంట్ మహాసభ కూడా జ్ఞానస్నానం ‘లేదా దాని కోరిక’ అన్న అర్థంలోనే రాసింది.

ఇక్కడ పెద్దాయన 1442 నాటి ఫ్లోరెన్సు మహాసభ పత్రం తీసి చూపించవచ్చు. అన్యమతస్థులు, యూదులు, చీలినవారు మరణానికి ముందు శ్రీసభలో చేరకపోతే నిత్యాగ్నికి పోతారని అందులో నిజంగానే ఉంది. దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. కానీ ఆ వాక్యం వెనక ఒక లెక్క ఉంది. సువార్త లోకమంతా చేరిపోయింది, ఇంకా వెలుపల ఉన్నవాడు తెలిసి కాదన్నవాడే అని ఆనాటి ఐరోపా అనుకునేది. యాభై ఏళ్లు తిరిగేసరికి, 1492లో, ఆ లెక్క తలకిందులైంది. వెయ్యిన్నర సంవత్సరాలుగా క్రీస్తు పేరే వినని జనాలు సముద్రానికి అవతల బతుకుతున్నారని తేలింది. 1539లో సాలమాంకా విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్కో దె విటోరియా అనే డొమినికను గురువు ఇంకో అడుగు ముందుకు వేశాడు. కత్తి చేతబట్టి, దోపిడీ చేస్తూ ప్రకటించిన సువార్తను నమ్మనందుకు అమెరికా ఆదివాసుల్ని తప్పుపట్టలేమన్నాడు. వినిపించడం వేరు, నమ్మదగినట్టుగా వినిపించడం వేరు అన్న ఈ తేడా మన పాఠకుడి తల్లి విషయంలో చాలా ముఖ్యమైనది. ఆమెకు సువార్త చేరిందా అన్నది ఆమె ఇంటి పక్కన చర్చి ఉందా లేదా అన్నదాన్నిబట్టి తేలదు.

ఇది రెండవ వాటికన్ మహాసభ తెచ్చిన కొత్త ఉదారవాదం అనేవారు తొమ్మిదో భక్తినాథ పాపుగారిని తలుచుకోవాలి. 1864లో ఆధునిక భావాల తప్పుల పట్టికను విడుదల చేసిన పాపుగారాయన. ఉదారవాది అని ఆయన్ని శత్రువులు కూడా అనరు. అంతకు ముందటేడే, 1863 ఆగస్టులో, తమ తప్పేమీ లేకుండా నిజమైన మతాన్ని ఎరగక, మనస్సాక్షిలో రాసిన ధర్మాన్ని పాటిస్తూ బతికేవారు దైవకృపతో నిత్యజీవం పొందగలరని ఆయనే రాశారు. 1940లలో బోస్టన్‌లో లెనార్డ్ ఫీనీ అనే జెస్విటు గురువు, కతోలికులు తప్ప ఎవరూ రక్షణ పొందరని పట్టుబట్టాడు. అది శ్రీసభ బోధ కాదని 1949లో రోమునుంచి బోస్టన్ అగ్రపీఠాధిపతికి లేఖ వెళ్లింది. రోముకు రమ్మన్నా వెళ్లనందుకు 1953లో ఫీనీనే వెలివేశారు. వెలుపల రక్షణ లేదని వాదించినవాడే వెలుపల పడ్డాడు. రక్షణ ఆశ అతనికీ మూసుకుపోలేదనుకోండి, 1972లో తిరిగి చేర్చుకున్నారు.

1964లో వాటికన్ మహాసభ శ్రీసభ గురించిన పత్రం పదహారో పేరాలో చెప్పింది ఈ పాత దారి కొనసాగింపే. సత్యోపదేశ గ్రంథం 1257వ పేరా దీన్ని మరీ సూటిగా పెట్టింది: దేవుడు రక్షణను జ్ఞానస్నానానికి ముడివేశాడు గాని, తాను ఆ సంస్కారాలకు కట్టుబడిపోలేదు. అంటే మనకు ఆజ్ఞ ఉంది, ఆయనకు లేదు. ఆ తల్లి రక్షణ పొందిందని ఈ కలం రాయలేదు, ఆ అధికారం ఎవరికీ లేదు. పొందలేదని చెప్పే అధికారం పెద్దాయనకూ లేదు.

‘అయితే ఇక ప్రకటించడం ఎందుకు? తెలియకుండా ఉండటమే క్షేమం కదా!’ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. తెలియకపోవడం ఎవరినీ రక్షించదు. అది నేరాన్ని తగ్గిస్తుంది, అంతే. రక్షించేది క్రీస్తు కృప ఒక్కటే అన్నది శ్రీసభ వదులుకోని మాట. 2000లో వచ్చిన ‘దోమినుస్ యేసుస్’ పత్రం ఇతర మతస్థులు కృప పొందగలరని ఒప్పుకుంటూనే, రక్షణ సాధనాల నిండుదనం శ్రీసభలోనే ఉందని గట్టిగా రాసింది. ఆ మాట చాలామందిని నొప్పించింది. నా తల్లి తన దేవుణ్ణి కొలిచి మోక్షం పొందితే దాన్ని మీ క్రీస్తు ఖాతాలో వేసుకోవడమేమిటని ఒక హిందువు అడిగితే ఆ అభ్యంతరం న్యాయమైనదే. కానీ అన్ని దారులూ ఒకే చోటికి పోతాయనేవారు కూడా, తన దారి ఒక్కటే అని నమ్మే ప్రతి భక్తుడి నమ్మకాన్నీ పైనుంచి చూసి సరిదిద్దుతున్నవారే. ఎవరి మెట్టు మీద నుంచీ మాట్లాడకుండా ఈ విషయం మాట్లాడటం కుదరదు. ఫిబ్రవరిలో మరియమాత ఉత్సవానికి గుణదల కొండ ఎక్కే వేలమంది హిందువుల్ని ఈ చిక్కేమీ ఆపడం లేదు, అది వేరే సంగతి.

ఇక సోదరి ఉత్తరానికి. గర్భంలోని ప్రాణాన్ని కావాలని తీయడం ఘోరమైన తప్పు అన్నదాంట్లో శ్రీసభ మొదటి శతాబ్దాలనుంచి మాట మార్చలేదు. 1995లో రెండో జాన్‌పాల్ పాపుగారు ‘జీవ సువార్త’ లేఖలో దాన్ని మరోసారి ఖాయం చేశారు. మన దేశంలో 1971నాటి చట్టం, 2021 సవరణ కొన్ని పరిస్థితుల్లో గర్భస్రావాన్ని అనుమతిస్తున్నాయి. చట్టం అనుమతి నైతిక అనుమతి కాదని శ్రీసభ అంటుంది. ఇక ఆడపిల్ల అని చెప్పిన ఆ స్కానింగ్ 1994 చట్టం ప్రకారమే నేరం.

పని విషయంలో ఇంత కఠినంగా ఉన్న శ్రీసభ మనిషి విషయానికి వచ్చేసరికి ఎన్ని తలుపులు తెరిచి ఉంచిందో చూడండి. గర్భస్రావానికి తనంతట తానే పడే వెలివేత శిక్ష శ్రీసభ చట్టం 1397వ నిబంధనలో ఉంది. కానీ 1323, 1324 నిబంధనలు కలిపి చదివితే పద్దెనిమిదేళ్లు నిండనివారికి, తీవ్రమైన భయానికి లోబడి చేసినవారికి, ఇలాంటి శిక్ష ఉందని తమ తప్పు లేకుండా ఎరగనివారికి ఆ శిక్ష పడదు. భయం అందరికీ భయంగా ఉండాల్సిన పనిలేదు, ఆ మనిషికి తీవ్రమైతే చాలు. ఇల్లు దాటించేస్తారన్న భయం అలాంటిదే. కాబట్టి వెలివేత మీమీద పడిందనే నమ్మకం పెట్టుకోవద్దు. భయం పాపభారాన్ని తగ్గిస్తుంది గాని పూర్తిగా తుడిచేయకపోవచ్చు, అందుకే పాపసంకీర్తనం అవసరం. ఒకప్పుడు దీనికి పీఠాధిపతి అనుమతి కావాల్సి వచ్చేది. 2016 నవంబరు 20 నాటి లేఖతో ఫ్రాన్సిస్ పాపుగారు గురువులందరికీ ఈ పాపం విమోచించే అధికారం శాశ్వతంగా ఇచ్చారు. మీ విచారణలో చెప్పుకోవడం ఇబ్బందైతే పక్క ఊరి గురువు దగ్గరకు వెళ్లండి. ఒక మాట మీ భర్తగారికి కూడా: తమ సాయం లేనిదే ఆ పని జరగని సహాయకులను 1329వ నిబంధన విడిచిపెట్టలేదు. మీకున్న భయం వారికి లేదు.

బిడ్డ విషయం. జ్ఞానస్నానం లేని పసివారికి ‘లింబో’ అనే చోటు ఉందని మధ్యయుగాల వేదపండితులు ఊహించారు. అది ఎన్నడూ విశ్వాస సత్యం కాలేదు. 2007లో అంతర్జాతీయ వేదాంత సంఘం, ఈ పసివారు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన ఆధారాలు ఉన్నాయని తేల్చింది. ఆశ అంది, నిశ్చయం అనలేదు. ‘జీవ సువార్త’ 99వ పేరాలోనూ ఈ జాగ్రత్తే కనిపిస్తుంది. మొదట వెలువడిన పాఠం, ఆ బిడ్డ ఇప్పుడు ప్రభువులో జీవిస్తోందని తల్లికి చెప్పింది. తరవాత వచ్చిన అధికారిక లాటిన్ పాఠం, బిడ్డను ఆశతో తండ్రి కరుణకు అప్పగించవచ్చని మార్చింది. తల్లి మనసుకు మొదటిదే హాయి. ఎందుకు వెనక్కి తగ్గారో నాకు అర్థమవుతుంది. పోయినవారు తిన్నగా మోక్షానికే పోతారని నిశ్చయంగా చెబితే, ‘అయితే చంపితే నష్టమేమిటి’ అనే కుతర్కానికి ఎవరో ఒకరు దిగుతారు. చంపడం ఒప్పో తప్పో తేలేది చనిపోయినవారు ఎక్కడికి చేరారన్నదాన్నిబట్టి కాదు. అయినా ఆశ అన్నది చిన్న మాట కాదు. నిశ్చయం లేని ప్రతిచోటా శ్రీసభ ప్రార్థించమనే చెబుతుంది.

పాఠకుడికి చివరిగా ఒక పని. ప్రాణాలతో ఉన్నవారికైనా పోయినవారికైనా, ఎవరికోసమైనా గురువు దివ్యబలిపూజ అర్పించవచ్చని 901వ నిబంధన చెబుతోంది. జ్ఞానస్నానం పొందినవారికే అన్న షరతు అందులో లేదు. మీ విచారణ గురువుకు చెప్పి మీ అమ్మగారి పేరున పూజ పెట్టించండి. ఆమె పేరు ఎలా ఉందో అలాగే రాసివ్వండి, క్రైస్తవ పేరు వెతకనక్కర్లేదు.