వెలిగొండల దారిలో సైకిలు, నెల్లూరు నేలలో రోము బంగారం

ప్రశ్న: ఐరోపాలోని కొండ ప్రాంతాల్లో ప్రాచీన రోమనుల కట్టడాలను చూస్తూ సైకిళ్ల మీద తిరిగే యాత్రల గురించి తరచు చదువుతున్నాము. దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో అటువంటి యాత్ర సాధ్యమేనా? ఇక్కడ రోమను అవశేషాలు ఏమైనా ఉన్నాయా? (ఒక పాఠకుడు, దుత్తలూరు)

జవాబు: కొండలు ఉన్నాయి, సైకిలు యాత్రకు తగిన దారులూ ఉన్నాయి, రోమను కట్టడాలు మాత్రం లేవు. రోము సామ్రాజ్యపు సరిహద్దు ఏనాడూ తెలుగు నేల దాకా రాలేదు కనుక, ఫ్రాన్సులోని పోన్ దు గార్ వంటి నీటికాలువ వంతెన గాని, ఇటలీలోని అప్పియా మార్గం వంటి రాతిబాట గాని ఇక్కడ ఉండే అవకాశం లేదు. అయితే రోముతో నెల్లూరు జిల్లాకున్న సంబంధం చిన్నదేమీ కాదు. ఆ సంబంధం రాతి రూపంలో కాక బంగారు రూపంలో వచ్చింది, నేల మీద కాక నేల లోపల నిలిచింది.

18వ శతాబ్దపు చివరి దశకాల్లో నెల్లూరు సమీపంలో ఒక రైతు దుక్కి దున్నుతుండగా నాగలికి ఇటుక కట్టడమొకటి అడ్డుతగిలింది. తవ్వి చూడగా చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక చిన్న కుండ, ఆ కుండలో క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. రైతు వాటిని పాత బంగారంగా అమ్మివేయగా చాలావరకు కరిగిపోయి ఉంటాయని, నవాబు అమీర్ ఉల్ ఉమరా చేతికి ముప్పైకి పైగా చిక్కాయని, కొంతకాలం మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ రాసిన ఉత్తరం వల్ల తెలుస్తున్నది. 1790లో వెలువడిన ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండవ సంపుటంలో ఆ ఉత్తరం అచ్చయింది. ట్రాజన్, హేడ్రియన్ అనే చక్రవర్తుల నాణేలు, ఫాస్టీనా అనే రాణి బొమ్మ ఉన్న నాణేలు అందులో ఉన్నాయి. కొన్ని టంకశాల నుండి అప్పుడే వచ్చినట్లు మెరుస్తుండగా, కొన్ని అరిగిపోయి, తొలిచిన రంధ్రాలతో ఉన్నాయి.

ఐరోపా యాత్రల గురించి చదివిన వారికి ఇక్కడ ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. ఇంగ్లండు ఉత్తర భాగంలో సైకిలు యాత్రికులు ఎంతో ఇష్టంగా వెళ్లే 117 కిలోమీటర్ల పొడవైన ప్రాచీన గోడను క్రీ.శ. 122లో కట్టించడం మొదలుపెట్టినది ఈ హేడ్రియన్ చక్రవర్తే. ఆయన రాజ్యపు ఒక కొనన గోడగా నిలిచిన పేరు, ఆ రాజ్యంతో సరిహద్దే లేని పెన్నా తీరంలో కుండలోని కాసు మీద దొరికింది.

ప్రశ్న: అంత బంగారం ఇక్కడికి ఎందుకు వచ్చింది? నాణేలకు రంధ్రాలు ఎందుకు?

జవాబు: ఋతుపవనాల ఆధారంగా ఎర్ర సముద్రపు రేవుల నుండి బయలుదేరిన ఓడలు మిరియాలు, సన్నని నూలు బట్టలు, ముత్యాలు, రత్నాల కోసం భారత తీరానికి వచ్చేవి, వాటికి బదులుగా ఇవ్వడానికి రోమనుల దగ్గర ఇక్కడివారు కోరే సరుకు తక్కువగా ఉండడంతో లోటును వెండి, బంగారాలతో పూడ్చవలసి వచ్చేది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సుల సొమ్మును లాగుకొంటున్నదని 1వ శతాబ్దపు రోమను రచయిత ప్లినీ వాపోయాడు. సెస్టర్సు అంటే డెనారియస్ అనే వెండి నాణెంలో నాలుగవ వంతు. అదే కాలంలో తూర్పు తీరాన్ని ఏలిన శాతవాహనులు రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేయించడం ఈ తీరంలో సముద్ర వ్యాపారానికి ఉన్న ప్రాముఖ్యాన్ని చూపుతున్నది.

తెలుగు నేలపై ఈ నాణేలు డబ్బుగా చెలామణి అయిన దానికంటె బంగారంగా, నగగా విలువ పొందినట్లు కనిపిస్తుంది. దక్షిణ భారతంలో దొరికిన అనేక రోమను నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉండగా, మరికొన్నింటికి దారం దూర్చడానికి రంధ్రాలు ఉన్నాయి. వాటిని మెడలోనో చేతికో ధరించి ఉంటారని డేవిడ్సన్ ఊహించాడు. కాసులపేరు ధరించే ఇళ్లవారికి ఆ ఊహ కొత్తగా తోచదు.

ప్రశ్న: ఉదయగిరి కోటలో కొన్ని గోడలు రోమను కాలానివని కొందరు అంటారు. నిజమేనా?

జవాబు: కాదు. నెల్లూరు కుండలోని నాణేలకూ ఉదయగిరి దుర్గానికీ మధ్య వెయ్యేళ్లకు పైగా అంతరం ఉన్నది. కోట గజపతుల కాలంలో ప్రసిద్ధికెక్కి, సుమారు ఏడాదిన్నర ముట్టడి తరువాత 1514లో శ్రీకృష్ణదేవరాయల వశమైంది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని ఆయన విజయనగరానికి తీసుకువెళ్లి, కొత్తగా ఆలయం కట్టించి ప్రతిష్ఠించాడు. కొండ మీది మసీదులు గోల్కొండ పాలన నాటివి. ఇంత ఘనమైన సొంత చరిత్ర ఉన్న కోటకు లేని రోమును తగిలించడం దాని గౌరవాన్ని పెంచదు, తగ్గిస్తుంది.

ప్రశ్న: అయితే సైకిలు మీద ఏ దారిన వెళ్లాలి? ఏ కాలం మంచిది?

జవాబు: నెల్లూరులో రైలు దిగి, సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి చేరి, అక్కడి నుండి వాయవ్యంగా సీతారామపురం వైపు వెళ్లి భైరవకోన చూసి, తిరిగి వచ్చి దుత్తలూరు, నర్రవాడ, వింజమూరు, కలిగిరి మీదుగా కావలి రైల్వే స్టేషను చేరడం ఈ ప్రాంతానికి సహజమైన చుట్టుదారి. నెల్లూరు నుండి ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్లు కనుక, కొత్తవారు ఆత్మకూరులో ఒక రాత్రి ఆగడం మేలు. ఆత్మకూరు దాకా దారి పెన్నా పరీవాహకంలో దాదాపు సమతలంగా, వరి మళ్ల మధ్యగా సాగుతుంది. జాతీయ రహదారి మీద లారీల రద్దీ ఉంటుంది కనుక అంచు విడువరాదు. ఆత్మకూరు దాటి ఉత్తరానికి తిరిగిన కొద్దీ మెట్ట పొలాలు, చిట్టడవి, ఎర్రనేల మొదలై, పడమటి దిక్కున వెలిగొండలు, అనగా నెల్లూరు, కడప సీమలను వేరుచేసే తూర్పు కనుమల వరుస, దగ్గరవుతూ వస్తాయి.

ఉదయగిరి కొండ ఎత్తు సముద్రమట్టానికి 3,079 అడుగులు. సైకిలును ఊళ్లో నమ్మకమైన చోట ఉంచి, తెల్లవారుజామున కాలినడకన ఎక్కి, ఎండ ముదరక ముందే దిగాలి. రాయల సేన ఈ కోటను చేరడానికి కొండలను, పెద్ద బండలను పగులగొట్టి దారులు చేసిందని 16వ శతాబ్దపు పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాశాడు. కొండను ఎదురుగా చూసిన తరువాతనే ఆ మాటలోని శ్రమ అర్థమవుతుంది. దిగివచ్చిన తరువాత ఊళ్లో అడవి కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కే పనివారిని చూడకుండా వెళ్లడం లోటే. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు, అనగా ఆ పేరు ఆ ఊరి సరుకుకే చెందేటట్లు చట్టం ఇచ్చే రక్షణ, లభించింది.

భైరవకోన చంద్రశేఖరపురం మండలంలోని కొత్తపల్లి సమీపంలో ఉన్నది. ఇక్కడ శివునికి ఎనిమిది గుహాలయాలు ఉన్నాయి. గుహాలయం అంటే రాళ్లు పేర్చి కట్టినది కాక, ఉన్న కొండనే లోపలికి తొలిచి గర్భగుడిగా మలచినది. సుమారు 200 అడుగుల ఎత్తు నుండి దూకే జలపాతం వర్షాలు తగ్గిన వెంటనే నిండుగా ఉంటుంది. పురాతనమైన రాతిని కళ్లారా చూడాలన్న కోరికతో బయలుదేరిన యాత్రికునికి ఈ ప్రాంతంలో ఇంతకు మించిన చోటు లేదు.

అక్టోబరు నుండి డిసెంబరు మధ్య దాకా ఈశాన్య ఋతుపవనాల వానలు, మార్చి చివరి నుండి ప్రమాదకరమైన ఎండలు ఉంటాయి కనుక, డిసెంబరు చివరి వారం నుండి ఫిబ్రవరి దాకా అనుకూలమైన కాలం. ఆ రోజుల్లో గాలి తరచు తూర్పు, ఈశాన్య దిక్కుల నుండి వీస్తుంది. కనుక కావలి వైపు తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి ఉంటుందని ముందే లెక్క వేసుకోవాలి.

ప్రశ్న: గేర్ల సైకిలు తప్పనిసరా? వెంట ఏమేమి ఉండాలి?

జవాబు: చుట్టుదారి అంతటినీ బరువుతో తిరగదలచితే గేర్లు ఉండడమే మంచిది. పెడళ్ల దగ్గరి పళ్లచక్రపు పళ్ల సంఖ్యను వెనుక పళ్లచక్రపు పళ్ల సంఖ్యతో భాగించగా వచ్చేది గేరు నిష్పత్తి. ముందు 32, వెనుక 32 పళ్లు ఉంటే పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు సైకిలు వెనుక చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది కనుక ఎగువ తేలిక అవుతుంది. గేర్లు లేనివారు ఎగువలో దిగి నడిపించడానికి సిగ్గుపడనక్కరలేదు. దిగువలో బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచక, నొక్కుతూ వదులుతూ రావాలి.

ఈ ప్రాంతపు అసలు శత్రువు తుమ్మ ముల్లు. రోడ్డు అంచున తుమ్మ కొట్టిన చోట సైకిలును దింపి తోయరాదు, ఎత్తుకొని దాటాలి. పంచరు వేసిన తరువాత టైరు లోపల వేళ్లతో తడిమి, ముల్లు మొన మిగిలి ఉన్నదేమో చూడకుండా ట్యూబు ఎక్కిస్తే నాలుగడుగుల్లోనే మళ్లీ గాలి పోతుంది. రెండు అదనపు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషను, పంపు, నాలుగు లీటర్ల నీళ్లు తగ్గకుండా ఉండాలి. ఎర్రచందనం పెరిగే అడవుల్లోకి అనుమతి లేకుండా సైకిలు తిప్పడం తగదు; ప్రధాన దారి విడిచే ముందు అటవీ సిబ్బందిని అడగాలి.

ప్రశ్న: రోమను అవశేషాలను ఎక్కడ చూడవచ్చు? పొలంలో పాత నాణెం దొరికితే ఏమి చేయాలి?

జవాబు: చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో, హైదరాబాదులోని పురావస్తు మ్యూజియంలో రోమను నాణేలు ఉన్నాయి. నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి ఒడ్డున గొట్టిప్రోలులో 2018-19లో కేంద్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో, ఆంఫొరాలను అనుకరించినవిగా భావిస్తున్న కూచి అడుగు జాడీలు దొరికాయి. ఆంఫొరా అంటే రోమనులు ద్రాక్షసారాయాన్ని, ఆలివ్ నూనెను ఓడల్లో పంపడానికి వాడిన రెండు చెవుల మట్టి కూజా.

నేలలో దాగిన విలువైన వస్తువు ఏది దొరికినా, దాని విలువ పది రూపాయలు మించితే, కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతున్నది. దాచినవారికి ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. హక్కుదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు ముప్పాతిక భాగం దొరికించుకొన్నవారికి, పాతిక భాగం భూమి యజమానికి చెందుతుంది. ప్రభుత్వమే తీసుకోదలచితే లోహపు విలువకు ఐదవ వంతు కలిపి చెల్లిస్తుంది. కనుక నిజాయతీ వల్ల రైతుకు నష్టం లేదు. నెల్లూరు కుండలో మొత్తం ఎన్ని నాణేలు ఉండేవో ఇక ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే వాటిలో చాలావరకు ముందే కంసాలి కుంపటికి చేరి ఉంటాయి. పశ్చిమ నెల్లూరు రైతులు, ఆ దారుల్లో తిరిగే సైకిలు యాత్రికులు నాణెం కనబడితే దాన్ని తోమవద్దు, కడగవద్దు, అమ్మవద్దు. దొరికిన చోటు, లోతు, పక్కనున్న ఇటుకలు, పెంకుల వివరాలు రాసిపెట్టి, అదే రోజు తహశీల్దారుకు చెప్పి, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపండి.