సైకిలు కంప్యూటరును ఎన్నుకొనుట

సైకిలుపై కళాశాలకు వచ్చు విద్యార్థి యొకడు ఈ యేడు మమ్ములనడిగినాడు: "సార్, సైకిలుకు కంప్యూటరు కొందామనుకుంటున్నాను. ఏది మంచిదండీ?" తెలుగు పాఠము చెప్పువారిని అడగవలసిన ప్రశ్న కాదిది. అయినను మేమును సైకిలు తొక్కువారమే. ఒకసారి ఆ యంత్రమును నమ్మి చిక్కుపడినవారము కూడ. కనుక వ్రాయుచున్నాము.

పేరు ఘనమే గాని ఆ యంత్రము పని లెక్కించుటయే. ముందు చక్రపు పుల్లకు చిన్న అయస్కాంతమును, ఫోర్కుకు రీడ్ స్విచ్ గల సెన్సారును బిగింతురు. చక్రము తిరిగిన ప్రతిసారి అయస్కాంతము ఎదుటికి వచ్చి, స్విచ్చిలోని రెండు లోహపు రేకులను కలుపును. ఆ సంకేతము హ్యాండిలుపైనున్న పెట్టెకు చేరును. చుట్ల సంఖ్యను చక్రపు చుట్టుకొలతతో గుణించిన దూరము. దానిని కాలముతో భాగించిన వేగము. 1895లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున కర్టిస్ వీడర్ తయారుచేయ మొదలిడిన సైక్లోమీటరుకు విద్యుత్తు లేదు. పుల్లకు బిగించిన కొక్కెము నక్షత్రాకారపు చిన్న చక్రమును తట్టి అంకెలను కదిలించెడిది. లెక్క మాత్రము అదియే.

మర్మమంతయు చుట్టుకొలతలో నున్నది. మేము మొదటి మీటరు కొన్నపుడు దుకాణదారుడు బిగించి యిచ్చినాడు. అందులో 2096 మిల్లీమీటర్లని ముందే యుండెను. సన్నని టైరు గల 700 సి చక్రమునకు అది తగును. మాది పాతకాలపు ఇరువదియెనిమిది అంగుళముల సైకిలు. దాని పయ్య (ఉర్దూ 'పహియా' మన నోట నిట్లు నిలిచినది) కొలిచిన 2220 వచ్చినది. అది తరువాతి మాట. అంతకు ముందే ఒక ఆదివారము విద్యార్థులతో బయలుదేరి, మీటరు 30 చూపగానే వెనుదిరిగితిమి. నిజముగా మేము 32 కిలోమీటర్లకు చేరువలో నుంటిమి. రాకపోకలు కలిసి మూడున్నర కిలోమీటర్లు అధికమై, ఆ చివరి భాగము మసకచీకటిలో లారీల నడుమ గడచినది. ఇద్దరు పిల్లల సైకిళ్ళకు దీపములు లేవు. ఆ సాయంకాలము మా గుండె కొట్టుకొన్న తీరును మేము మరువలేదు.

కావున కొనదలచిన మీటరులో చుట్టుకొలతను మిల్లీమీటర్లలో మార్చుకొను వీలున్నదా యని మొట్టమొదట చూడవలెను. టైరులో గాలి నిండుగా నింపి, వాల్వు నేలవైపుండగా సుద్దతో గుర్తు పెట్టి, సీటుపై కూర్చుండి ఐదు చుట్లు నడిపి, ఆ దూరమును టేపుతో కొలిచి ఐదుతో భాగింపవలెను. కూర్చుండక కొలిచిన, బరువుకు టైరు అణగుట లెక్కకు రాదు. పిదప రహదారిపై పది కిలోమీటరు రాళ్ళు దాటి సరిచూచుకొనవచ్చును.

తీగ గలదా, లేనిదా? తీగలేని దానిలో సెన్సారుకును వేరుగా బ్యాటరీ కావలెను. తీగ గల దానికి పెట్టెలో నాణెము వంటి బ్యాటరీ యొక్కటి చాలును. అయితే సైకిళ్ళ గుంపులో నిలిపినపుడు తీగ తెగవచ్చును. జి.పి.యస్. యంత్రము చక్రపు కొలత నడుగదు, పోయిన దారిని గీసి చూపును. కాని వెల హెచ్చు, తరచు చార్జి చేయవలెను. సెల్‌ఫోనును ఆ పని చేయును గాని, దానిని హ్యాండిలుపై చూచుచు తొక్కుట మాకు సమ్మతము గాదు. ఇల్లు, కళాశాల, సెలవునాడొక చెరువుగట్టు, ఇంతే తిరుగు వానికి తీగ మీటరే మేలని మా అభిప్రాయము. వేగము, నేటి దూరము, మొత్తము దూరము, గడియారము ఉన్న చాలును. అంకెలు పెద్దవిగా నుండవలెను.

మరియొక మాట. అనేక సామాన్యపు మీటర్లలో బ్యాటరీ మార్చగానే చుట్టుకొలతయు, మొత్తము దూరమును చెరిగిపోవును.

ఆ విద్యార్థి తీగ మీటరే కొన్నాడు. గత నెలలో చక్రము కొలిచి వచ్చి, "2145 వచ్చింది సార్" అన్నాడు. నోటుపుస్తకపు చివరి పుటలో వ్రాసికొమ్మని చెప్పితిమి.