ఇంగ్లీషు వాక్యంలో ఆర్యభట



మొన్న ఇంగ్లీషు స్లిప్ టెస్టులో ఆర్యభట గురించి అయిదు వాక్యాలు రాయమన్నారు. ఆయన సంగతులు నాకు బాగానే వచ్చు. అయినా పదికి నాలుగు మార్కులే వచ్చాయి. పేపరు చూస్తే ఎర్ర గీతలన్నీ ఆ పేరు చుట్టూనే ఉన్నాయి. సారు దిద్ది చెప్పినవి అందరికీ పనికొస్తాయని రాస్తున్నాను. తమ్ముళ్ళు కూడా చదవాలని ఇంగ్లీషు వాక్యాలు తెలుగు అక్షరాల్లోనే పెట్టాను.

1. స్పెల్లింగు: నేను రెండు 'టీ'లు రాసేశాను. ఒకటే ఉండాలి. 'భట' అంటే భటుడు, రక్షకభటుడిలో ఉన్న మాటే. 'భట్ట' అంటే పండితుడు, అది వేరే మాట. ఆయన తన పుస్తకం ఆర్యభటీయంలో పేరు చెప్పుకున్న చోట ఒత్తు పెడితే పద్యం నడక చెడిపోతుంది. 1865లో భావూ దాజీ అనే పండితుడు కూడా ఒక 'ట' అనే తేల్చారు. అయితే నైనితాల్‌లోని పరిశోధన సంస్థ పేరులో రెండు 'టీ'లు ఉన్నాయి. సంస్థ పేరు వాళ్ళు పెట్టుకున్నట్టే రాయాలి, మనం దిద్దకూడదు.

2. హి, ఇట్: ఆర్యభట మనిషి, క్రీ.శ. 476లో పుట్టారు. ఆర్యభట మన దేశపు మొదటి ఉపగ్రహం కూడా. 360 కిలోల ఆ ఉపగ్రహాన్ని 1975 ఏప్రిల్ 19న సోవియట్ యూనియన్ నుంచి పంపారు. పాత 2 రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ అదే. మనిషైతే 'హి, హూ', ఉపగ్రహమైతే 'ఇట్, విచ్'. నేను "హి వజ్ లాంచ్డ్ ఇన్ 1975" అని రాశాను. ఆయన్నే రాకెట్‌లో ఎక్కించేశానని క్లాసంతా నవ్వారు.

3. ది: మనిషి పేరు ముందు 'ది' రాదు. శాటిలైట్ అన్న మాట చేరిస్తే "ది ఆర్యభట శాటిలైట్" అనాలి. పదో శతాబ్దంలో ఇంకో ఆర్యభట ఉండేవారు. అందుకని మొదటాయన్ని "ఆర్యభట ది ఫస్ట్" అంటారు. అక్కడ 'ది' పేరు తర్వాత వస్తుంది.

4. కాలం: ఇదే ముఖ్యం, పదో తరగతి గ్రామర్లో అడుగుతారు. "ఆర్యభట సెడ్ దట్ ది ఎర్త్ రొటేట్స్." చెప్పడం అయిపోయింది గనుక 'సెడ్'. భూమి ఇప్పటికీ తిరుగుతూనే ఉంది గనుక 'రొటేట్స్'. ఎప్పటికీ నిజమైన మాటకి కాలం మార్చక్కర్లేదు. పడవలో ముందుకి పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది, చుక్కలు పడమరకి పోవడమూ అలాంటిదేనని ఆయన వివరించారు. మనం గజపతినగరంలో రైలెక్కి బొబ్బిలి వెళ్ళేటప్పుడు స్తంభాలు వెనక్కి పరిగెడతాయి చూడండి, అదే లెక్క.

ఒక్క 'టీ'కి మార్కు తీసెయ్యాలా సార్ అని అడిగాను. "నీ పేరు ఇంగ్లీషులో రాసి చూపించు" అన్నారు. రాశాను. నా కుల ధ్రువపత్రం తెమ్మన్నారు. అందులో మా ఇంటిపేరులో ఒక అక్షరం తక్కువుంది! ఇన్నాళ్ళూ నేను చూసుకోలేదు. పదో తరగతి సర్టిఫికెట్టు మీద ఒకలా, దీనిమీద ఒకలా ఉంటే రేపు స్కాలర్‌షిప్పు దగ్గర ఏటి చెప్తాం? మా అయ్యకి చదువు రాదు, ఆయన చూసి పట్టుకోలేడు. నేనే చూసుకోవాలి. దిద్దించడానికి వార్డెన్ గారు దరఖాస్తు రాయించారు.

కాబట్టి మిత్రులారా, పదో తరగతి లిస్టు వెళ్ళేలోగా మీ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి.

అభ్యాసం: తప్పులు దిద్దండి.
అ) ది ఆర్యభట వజ్ బోర్న్ ఇన్ 476.
ఆ) ఆర్యభట, హూ వజ్ లాంచ్డ్ ఇన్ 1975, వజ్ ఎ శాటిలైట్.

జవాబులు రాత్రి స్టడీ అవర్లో నాకు చూపించండి.