తరంగముతో చోటు కనుగొనుట

రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమనున్న కమాను రైలువంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. ఈ కొనను మ్రోగించిన గంట ఆ కొనను వినబడుటకు ఇంచుమించు 8 సెకండ్లు పట్టును. సెల్‌ఫోనుల రేడియో తరంగమునకు 9 మైక్రోసెకండ్లు చాలును. మైక్రోసెకండనగా సెకండులో పదిలక్షలవ పాలు. అంతలోనే తరంగము 300 మీటర్లు పోవును.

వరదవేళ లంకలో చిక్కినవాడొకడు 112కు ఫోను చేసెననుకొందము. చీకటిలో తానున్న చోటు చెప్పలేడు. ఇరుగట్లనున్న రెండు టవరులు ఒక్కమారే సంకేతములు పంపినయెడల, ఏది యెంత వెనుకగా వచ్చెనో ఫోను కొలువగలదు. ఆ భేదమువలన అతిపరావలయమను వక్రరేఖ యేర్పడును. మూడవ టవరుతో మరియొక రేఖ వచ్చును. రెండును ఖండించుకొనుచోట మనిషి యుండును. టవరుల గడియారములు ఒక్క మైక్రోసెకండు తప్పినను దూరభేదము 300 మీటర్లు తప్పును.

అతిపరావలయమునకు రెండు శాఖలు గలవని పైతరగతులవా రెరుగుదురు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఏ కాలమునుండి ఏ కాలమును తీసివేయవలయును? ఒక కంపెనీ ఫోను ఒక విధముగను, వేరొకటి తద్విరుద్ధముగను చేసినచో గుర్తు మారి, రేఖ రెండవ శాఖకు పోవును; రక్షింపవచ్చిన పడవ ఎదుటిగట్టునకు పోవును. (బీజగణితమున గుర్తు మరచి, "అంతమాత్రమే కదా" యను మా విద్యార్థులు దీనిని గమనింతురు గాక!)

కావుననే త్రీజీపీపీ యను అంతర్జాతీయ కూటమి, 2009 నాటి ఎల్‌టీఈ తొమ్మిదవ విడతలో నిట్లు నిర్ణయించెను: పొరుగు టవరు సంకేతము చేరిన కాలమునుండి ఆధార టవరు సంకేతము చేరిన కాలమును తీసివేయవలయును, కొలతను ఫోను అంటెనా కడనే లెక్కింపవలయును. చిన్న భేదములకు ప్రమాణము సెకండులో 3,07,20,000వ పాలు. అంతలో తరంగము పది మీటర్లకు కొంచెము తక్కువ పోవును. కమాను వంతెనను దాటుటకు అట్టి పాళ్లెన్ని పట్టునని మా తరగతిలో గుణింపించితిమి. సుమారు 277 వచ్చినవి.