తేనెటీగకు పట్టిన నల్లి

జగ్గయ్యపేట, నందిగామ మెట్టలలో మిరపకు నల్లి పట్టుట రైతుబిడ్డలకు తెలిసినదే. తేనెటీగకును నల్లి పట్టునని మాత్రము పలువురెరుగరు. వరోవా అను ఈ నల్లి మన దేశవాళీ తొర్రతేనెటీగలో మగపిల్లల గదులలోనే వృద్ధి చెందును. పెట్టెలలో పెంచు ఐరోపా జాతిలోనో, పనిఈగల గదులలోను పెరిగి, ఉపేక్షించినచో కుటుంబమునే నశింపజేయును. రసాయన మందుల శేషము మైనములో నిలుచును. నల్లియు క్రమముగా వానికి అలవడును.

మేము సూచించునది కత్తి. పనిఈగ 21 దినములకు వెలువడగా, మగఈగకు 24 దినములు పట్టును. మూతవెనుక లభించు ఆ అదనపు గడువువలన నల్లి మగగదులనే ఎక్కువగా చేరును. ఖాళీ చట్రమొకటి పెట్టెలో ఉంచినచో ఈగలు తామే పెద్దగదులు కట్టును. మూతలు పడిన పిమ్మట, మగఈగలు వెలువడక మునుపే ఆ పట్టును కోసివేయవలెను. మరచినచో మనమే నల్లిని పెంచినవారమగుదుము! నల్లి మితిమీరినచో ఇదొక్కటే చాలదు. చట్రముంచిన తేదీని పెట్టెమీద సుద్దతో వ్రాసికొనుట మేలు.