మీ వకీలు దగ్గర ఏదీ దాచకు

సోనారి, జంషెడ్‌పూర్

మేనల్లుడికి,

విశాఖలో నీమీద దొంగతనం కేసు పెట్టారని మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. నువ్వు ఆ పని చేయలేదన్నావు, నేను నమ్ముతున్నాను. ఇక్కడ ఒకసారి శిక్ష పడ్డవాడి మాట అక్కడ జడ్జి గారు వింటారా అని బెంగపెట్టుకున్నావట. వింటారు, వినాలి.

పాత శిక్ష కొత్త నేరానికి రుజువు కాదు. 1872 నాటి సాక్ష్య చట్టం 54వ సెక్షన్ చెప్పిందీ ఇదే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 49వ సెక్షన్. శిక్ష పెంచమని పాత తీర్పును అభియోగంలో చేర్చినా సరే, ఈ కేసులో నువ్వు దోషివని తేలేదాకా ప్రాసిక్యూషన్ దాని ఊసెత్తకూడదు.

జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. సోనారి నుంచి నలుగురు పెద్దల్ని తీసుకెళ్లి, నువ్వు చిన్నప్పటినుంచీ బుద్ధిమంతుడివని బోనులో చెప్పిస్తానంటోంది మీ అమ్మ. వద్దని గట్టిగా చెప్పు. నీ మంచితనానికి మనం సాక్ష్యం పెట్టామో, దానికి జవాబుగా పాత తీర్పు చూపించే హక్కు అవతలివాళ్లకు వచ్చేస్తుంది. చట్టం మూసిన తలుపు మన చేత్తో మనమే తీసినట్టవుతుంది. ఆ పెద్దలు జామీను ఉంటామంటే మాత్రం రానీ.

బెయిలు దగ్గర లెక్క వేరు. అక్కడ పాత కేసు దాచొద్దు. పోలీసులు ఎలాగూ బయటపెడతారు, ఆపైన నీ మిగతా మాటలూ ఎవరూ నమ్మరు. ఎన్ని కేసులు పెండింగులో ఉన్నా, అదొక్కటే చూసి బెయిలు కాదనకూడదని ప్రభాకర్ తివారీ కేసులో సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మీ వకీలుకు అది గుర్తుచెయ్యి.

శిక్ష దగ్గర మాత్రం పాతది బరువే. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం మొదటిసారి దొంగతనమైతే జరిమానాతో పోవచ్చు, మూడేళ్ల దాకా జైలూ పడొచ్చు. అదే సెక్షన్ కింద రెండోసారైతే ఏడాదికి తగ్గకుండా అయిదేళ్ల దాకా కఠిన జైలు. నీ పాత శిక్ష పడింది 303 కింద కాదు, పాత చట్టమైన ఐపీసీ 379 కింద. కాబట్టి దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవచ్చా అన్నది మీ వకీలు పట్టుబట్టి వాదించాల్సిన పాయింటు. తీర్పు చూడకుండా ఆయన అది వాదించలేరు.

ఆ పాత తీర్పు నకలు కోసం సోమవారం ఇక్కడి కోర్టులో అర్జీ పెడతాను. కేసు నంబరు, తీర్పు తేదీ వెంటనే పంపు. ఈ ఉత్తరం అందిన రోజే వకీలు దగ్గర కూర్చుని మొత్తం చెప్పెయ్.

మీ మావయ్య